నెలాఖరుకి చేతిలో మిగలాలంటే: బెజవాడ, గుంటూరు ఇళ్ళకి ఏది లాభం, ఏది నష్టం

జీతం చాలని నెల వస్తే మన ఇళ్ళల్లో ముందు కోత పడేది కూరగాయల మీదా, పిల్లల చిరుతిళ్ళ మీదా. టమాటాల బండి దగ్గర రెండు రూపాయల కోసం పది నిమిషాలు బేరమాడతాం. అదే ఇంటి ఓనరు కరెంటుకి యూనిట్ తొమ్మిది రూపాయలంటే మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాం. నేను దీన్ని తిరగేయమంటాను. నోరు కట్టుకుని చేసే పొదుపు రెండు నెలలు నిలిస్తే గొప్ప. పండగొచ్చినా, చుట్టాలొచ్చినా అది గాలికి పోతుంది. ఒక్కసారి కూర్చుని ఇదా అదా అని తేల్చుకుంటే, ఆ తర్వాత మనం పట్టించుకోకపోయినా నెలనెలా మిగిలే సొమ్ము వేరే ఉంది. ముందు దాన్ని పట్టుకోవాలి.

లెక్కల కోసం ఒక ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు, బడికెళ్ళే పిల్లలు ఇద్దరు, నెలకి 28 వేల రాబడి, అద్దె ఇల్లు, ఒక బండి. ధరలు వీధి వీధికీ మారతాయి కాబట్టి నేను వేసిన అంకెల చోట మీ అంకెలు పెట్టుకుని చూడండి. పెద్ద పద్దు నుంచే మొదలుపెడతాను.

ఊళ్ళో చిన్న పోర్షనా, ఊరి చివర పెద్దదా

సత్యనారాయణపురంలోనో కృష్ణలంకలోనో ఇరుకైన రెండు గదులకిచ్చే అద్దెకి పోరంకి, గొల్లపూడి వైపు గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు వస్తుందని అందరికీ తెలుసు. అదే అద్దెకి పెద్దది కాకుండా, అదే సైజుది తక్కువకి తీసుకుంటే నెలకి 2,500 మిగులుతుందనుకుందాం. పనిచేసే చోటు బెంజ్ సర్కిల్ అవతలైతే బండి మీద రానూపోనూ రోజుకి 20 కిలోమీటర్లు అదనం. నెలకి 26 రోజులంటే 520 కిలోమీటర్లు. లీటరుకి 45 ఇచ్చే బండికి పదకొండున్నర లీటర్లు పడుతుంది, లీటరు 110 అనుకుంటే 1,270 రూపాయలు. సర్వీసింగూ, టైర్లూ కలుపుకుంటే పదిహేను వందలు. అంటే 2,500లో నిజంగా మిగిలేది వెయ్యి. దానికోసం రోజూ గంట ట్రాఫిక్‌లో ఉండాలి. ఒక్క మగాయన బండి మీద తిరిగే ఇంటికి ఇది నాకు గిట్టుబాటుగా అనిపించదు.

ఇంట్లో ఆడవాళ్ళు కూడా పనికి వెళ్తుంటే లెక్క మారిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రమంతా ఆడవాళ్ళకి టికెట్ లేదు. ఆధార్ లాంటి కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. అప్పుడు ఇల్లు ఎంత దూరమన్నది కాదు, బస్సు తిరిగే రోడ్డుకి ఎంత దగ్గరన్నది చూడాలి. బందరు రోడ్డుకి ఐదు నిమిషాల నడకలో ఉన్న పోరంకి ఇల్లు, ఆటో ఎక్కితే గానీ బస్టాపుకి చేరలేని సందులోని ఇంటికంటే వెయ్యి ఎక్కువైనా లాభమే. షేర్ ఆటోకి పూటకి ఇరవై పోసినా నెలకి వెయ్యి దాటిపోతుంది మరి. విజయవాడ, గుంటూరు మధ్య రోజూ తిరిగే వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: నాన్‌స్టాప్ బస్సుకి ఈ ఉచితం లేదు. పావుగంట ముందు బయల్దేరి ఆగుతూ వెళ్ళే బస్సెక్కాలి. మగవాళ్ళయితే రైలు సీజన్ టికెట్ చూసుకోవాలి. టైము కుదిరితే దానికి మించిన చవక లేదు.

ఇంకో మాట. సింగ్‌నగర్, పాయకాపురం వైపు అద్దె తక్కువని గ్రౌండ్ ఫ్లోర్ ఖాయం చేసుకునే ముందు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ ఇంట్లోకి నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో పక్కింటివాళ్ళని అడగండి. ఓనర్ని అడిగితే మోకాళ్ళ దాకా అంటాడు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, మంచం, బియ్యం బస్తా ఒక్క రోజులో పోతే, ఐదారేళ్ళ పాటు తగ్గించుకున్న అద్దె దాంతో పాటే పోయినట్టు. అక్కడే ఉండాల్సి వస్తే మొదటి అంతస్తుకి ఐదొందలు ఎక్కువిచ్చినా తప్పులేదు.

మీటరు మాట ముందే తేల్చుకోండి

ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు నీళ్ళు ఎప్పుడొస్తాయి, పార్కింగ్ ఎక్కడ అని అడుగుతారు. నన్నడిగితే మొదటి ప్రశ్న ఇలా ఉండాలి:

“అంకుల్, కరెంటు మీటరు మాకు విడిగా ఉందా?”

“సబ్ మీటరు పెట్టించామమ్మా. యూనిట్‌కి తొమ్మిది. పైన వాళ్ళూ అంతే ఇస్తున్నారు.”

ఇక్కడే ఆగి లెక్క వేసుకోవాలి. మన కరెంటు సంస్థ సీపీడీసీఎల్ బిల్లులో ఇళ్ళకి నెలకి మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90, ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అక్కణ్ణుంచి 9.75. ఎక్కువ శ్లాబులోకి వెళ్ళినా కింది యూనిట్లకి పాత రేటే పడుతుంది. కాబట్టి విడి మీటరు మీద 150 యూనిట్లు కాలిస్తే వాడకం ఛార్జీ 567 రూపాయలు. స్థిర ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు అని ఇంకొంత కలుస్తుంది. అదే 150 యూనిట్లకి ఓనరు దగ్గర తొమ్మిది చొప్పున 1,350. వాడకం ఛార్జీతో పోల్చి చూస్తే తేడా ఏడెనిమిది వందల దగ్గర ఉంది. సంవత్సరానికి చూసుకుంటే ఒక పిల్లవాడి పుస్తకాలూ, యూనిఫామూ, బూట్లూ వచ్చేస్తాయి.

ఓనర్ని పూర్తిగా తప్పు పట్టలేం. మూడు పోర్షన్లకీ ఒకే మీటరుంటే అందరిదీ కలిపి 450 యూనిట్లయి పై శ్లాబులకి ఎక్కుతుంది. అయినా 450 యూనిట్ల మొత్తానికి వాడకం ఛార్జీ 3,036 దగ్గర ఉంటుంది, అంటే సగటున యూనిట్‌కి 6.75. పైన ఛార్జీలూ, మోటారూ, మెట్ల లైటూ కలిపి ఏడున్నర అడిగితే న్యాయం. తొమ్మిది, పది అంటే బేరమాడాల్సిందే. అద్దెలో ఐదొందలు తగ్గించమంటే ఒప్పుకోని ఓనరు కూడా, బిల్లు ముందు పెట్టి ఈ లెక్క చూపిస్తే యూనిట్ దగ్గర దిగే అవకాశం ఉంది. విడి మీటరున్న ఇల్లు ఐదొందలు ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

సొంత డాబా ఉన్నవాళ్ళకి సోలార్ మాట వేరే ఉంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ వస్తుంది. వాడకం నెలకి 225 దాటే ఇంటికి అది బాగుంటుంది. 120, 130 యూనిట్లు వాడే ఇంటికి తొందరేమీ లేదు, కింది శ్లాబుల్లో మనకి పడే కరెంటే చవక.

గ్యాసా, ఇండక్షనా

గ్యాస్ రేటు పెరిగిన ప్రతిసారీ ఇండక్షన్ పొయ్యిల అమ్మకం ఊపందుకుంటుంది. అందరికీ ఒకే జవాబు లేదు, మీ శ్లాబుని బట్టి ఉంటుంది. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడిలో గిన్నెకి చేరేది పదిలో ఆరు పాళ్ళు, మిగతాది వంటింట్లోకి పోతుంది. ఇండక్షన్‌లో ఎనిమిది పాళ్ళకి పైనే గిన్నెకి చేరుతుంది. ఆ తేడా లెక్కలోకి తీసుకుంటే ఒక సిలిండర్ వంటని ఇండక్షన్ మీద చేయడానికి దగ్గర దగ్గర 135 యూనిట్లు కావాలి. ఆ యూనిట్లు 6 రూపాయల శ్లాబులో పడితే 810. 8.75 శ్లాబులో పడితే 1,180. సబ్ మీటరు తొమ్మిదైతే 1,215. సిలిండర్ 900 దగ్గరుందనుకుంటే, 6 రూపాయల లోపు ఇండక్షన్ లాభం, దాటితే గ్యాసే లాభం.

కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఫ్యాన్లు కూడా పెద్దగా తిరగని రోజుల్లో, విడి మీటరున్నవాళ్ళు అన్నం, పప్పు, పాలు ఇండక్షన్ మీద పెట్టుకుంటే సిలిండర్ ఇంకో రెండు మూడు వారాలు ఎక్కువొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ పొయ్యి అటకెక్కించడమే మంచిది. ఇప్పటికే ఉన్న గిన్నెల్లో అయస్కాంతం అంటుకునేవి ఎన్నున్నాయో చూసుకోండి. అన్నీ అల్యూమినియం గిన్నెలైతే కొత్తవి కొనే ఖర్చుకే మొదటి ఏడాది లాభం పోతుంది.

తెల్ల కార్డున్న ఇంటికి ఇంకో లెక్క. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, ఏప్రిల్ నుంచి నాలుగేసి నెలలకి ఒకటి చొప్పున. ఒక విడతది వాడుకోకపోతే దాన్ని తర్వాత విడతలో కలిపి ఇవ్వరు. కిందటి సిలిండర్ ఇంకా సగం ఉంది కదా అని జులై ఆఖరు దాకా ఆగి బుక్ చేయడం మర్చిపోయేవాళ్ళు ఉన్నారు. ఖాళీ సిలిండర్ ఒకటి అదనంగా ఉన్నవాళ్ళకి ఈ టెన్షన్ ఉండదు.

ఫ్యాను, కూలరు, ఏసీ

బెజవాడ ఎండల్లో ఈ పద్దు తప్పించుకోలేం. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్ల తేడా, అంటే 6 రూపాయల శ్లాబులో 120. పాతది కాలిపోయి కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు వెయ్యి, పదిహేను వందలు ఎక్కువైనా ఇదే కొనండి, ఏడాదిలో వచ్చేస్తుంది. బాగున్న ఫ్యాను తీసేసి మరీ మార్చనక్కర్లేదు, ఒక్క పడగ్గదిలో తప్ప.

కూలరు ఏప్రిల్‌లో, మే మొదట్లో వడగాడ్పుల రోజుల్లో పనిచేస్తుంది. ఉక్క మొదలయ్యాక కిటికీ తీసి పెట్టకపోతే ఒళ్ళంతా జిడ్డే. ఏసీ కొనేవాళ్ళు దాని ధర చూస్తారు గానీ శ్లాబు చూడరు. నెలకి 150 యూనిట్లు కాల్చే ఇంట్లో ఏసీ వల్ల ఇంకో 200 కలిశాయంటే వాడకం ఛార్జీ 567 నుంచి 2,110కి పోతుంది. నలుగురూ మే నెలంతా ఒకే గదిలో పడుకుని, ఏసీ 26లో పెట్టి పైన ఫ్యాను తిప్పుకుంటే ఇందులో మూడో వంతయినా తగ్గుతుంది.

బియ్యం

బియ్యం బస్తా ఇరవై ఐదు కిలోలు కాకుండా 26 కిలోలు ఎందుకుంటుందో గమనించారా? 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ వేశారు. అందుకని మిల్లులవాళ్ళు ఒక కిలో ఎక్కువ పోసి పన్ను తప్పించారు. అంటే ఐదు, పది కిలోల ప్యాకెట్లు కొనేవాళ్ళు ఆ పన్ను కట్టి కొంటున్నట్టు. ఎలాగూ నెలకి 30 కిలోలు తినే ఇంటికి చిన్న ప్యాకెట్ అర్థం లేని పని.

పాత బియ్యమా, కొత్త బియ్యమా అన్నది మనవాళ్ళకి పెద్ద విషయం. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, డెల్టాలో నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. సంక్రాంతి దాటాక కొత్త బియ్యం చవక. ముద్దవుతుందని కొనరు. నీళ్ళు కొంచెం తగ్గించి, వార్చుకుంటే బాగానే ఉంటుంది. చేతిలో డబ్బుంటే అప్పుడు మూడు బస్తాలు తీసుకుని, ఎండు వేపాకు వేసి, గోడకి తగలకుండా చెక్క మీద పెట్టుకుంటే జూన్ నాటికి అవే పాత బియ్యం. అప్పు చేసి మాత్రం బస్తాలు నింపకండి. వడ్డీ ఈ లాభాన్ని తినేస్తుంది.

రేషన్ బియ్యం మనిషికి 5 కిలోలు, నలుగురికి 20. 2025 జూన్ నుంచి మళ్ళీ చౌక దుకాణంలోనే, ఒకటో తారీఖు నుంచి పదిహేను దాకా ఇస్తున్నారు. ఇంటి ముందుకొచ్చి పది, పన్నెండు రూపాయలకి కొనుక్కుపోయే వాళ్ళకి అమ్మేస్తే చేతికొచ్చేది రెండు వందల పైచిలుకు. అమ్మడం నేరమన్న సంగతి అలా ఉంచండి, ఇడ్లీకీ, అట్లకీ, రొట్టెలకీ, పిండి వంటలకీ నెలకి పది కిలోలు అవే వాడితే, దుకాణంలో 55 పెట్టి కొనే పది కిలోలు తప్పినట్టు. 550 మిగిలింది. మిగతా పది కిలోలు రాత్రి పూట అన్నంలో సగం సగం కలపండి, పిల్లలకి తేడా తెలియదు. అందులో అక్కడక్కడా వేరే రకం తెల్ల గింజలు కనబడితే అవి ప్లాస్టిక్ కావు. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసినవి. ఏరి పారేయకండి.

కారం, నూనె, పప్పు

గుంటూరు పక్కన ఉండి కారం ప్యాకెట్ కొనడం నాకు ఎప్పుడూ మింగుడు పడదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డు ఎర్రగా నిండిపోయినప్పుడు రేటు దిగుతుంది. 2025లో ఎంత దిగిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకి 11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. కిలోకి నూట పద్దెనిమిది కూడా కాదు. యార్డులో ధర పడినంత వేగంగా ప్యాకెట్ ధర ఎన్నడూ పడదు. యార్డులో మనకి కిలోల లెక్కన ఇవ్వరు కానీ, చుట్టుపక్కల దుకాణాల్లో, పట్నంబజారులో ఐదు, పది కిలోలు దొరుకుతుంది. తేజ రకం మిర్చి ఒక్కటే కొంటే మంట ఎక్కువ, రంగు తక్కువ. 334 రకం సగానికి పైగా, తేజ పావు వంతు, రంగుకి కాస్త బ్యాడిగి కలిపితే కూరకీ, పచ్చడికీ సరిపోతుంది. కాయ చేత్తో వంచితే పెళుసుగా విరగాలి. మెత్తగా వంగిందంటే తేమ ఉందన్నమాట, తూకంలో నీళ్ళకి డబ్బులిచ్చినట్టే. రెండు ఎండలు పడనిచ్చి, తొడిమలు తీసి మర పట్టిస్తే పది కిలోలకి కిలో పైనే తరుగు పోతుంది, మర కూలి ఉంటుంది. అవన్నీ కలుపుకున్నా ఏడాది కారం ప్యాకెట్ కంటే బాగా తక్కువలో తేలుతుంది. ఎక్కువైతే పక్కింటివాళ్ళతో కలిసి పట్టించుకోవచ్చు. అదీ వీలుకాని ఉద్యోగస్తులు కనీసం వేసవిలో మర దగ్గరే పట్టిన కారం రెండు కిలోలు తెచ్చుకోండి.

నూనె దగ్గర మోసం ప్యాకెట్ సైజులో ఉంటుంది. లీటరు నూనె బరువు 910 గ్రాములు. పక్కనే అచ్చు అలాగే ఉన్న 850 గ్రాముల ప్యాకెట్, 800 గ్రాముల ప్యాకెట్ ఉంటాయి. 148 రూపాయల 850 గ్రాములది చవగ్గా కనిపిస్తుంది గానీ కిలోకి 174 పడుతుంది. 155 పెట్టి 910 గ్రాములది కొంటే కిలోకి 170. బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకి ఇంత, మిల్లీలీటరుకి ఇంత అని చిన్న అక్షరాల్లో వేయాలని రూలుంది. చూడాల్సింది ఆ అంకె. స్నానం సబ్బులకీ, షాంపూకీ, టూత్‌పేస్ట్‌కీ 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. కొన్నిటికి ధర తగ్గింది, ఇంకొన్నిటికి తూకం మారింది. అక్కడా ఆ చిన్న అంకే నిజం చెబుతుంది. గానుగ నూనె మంచిదే, కాదనను. పచ్చళ్ళకి పప్పునూనె గానుగది తెచ్చుకుని, రోజువారీ పోపుకీ వేపుళ్ళకీ మామూలు వేరుశనగ నూనెతోనో తవుడు నూనెతోనో సరిపెట్టుకోవడం 28 వేల ఇంటికి తగిన దారి.

కందిపప్పుకి నిలకడ లేదు. 2024లో మండిపోయినప్పుడు ప్రభుత్వమే రైతు బజార్లలో కిలో 160కి అమ్మించింది. ధర ఎక్కినప్పుడు వారంలో మూడు రోజులు పెసరపప్పు, ఒక రోజు శనగపప్పు మీదకి మారిపోవడం తప్ప వేరే ఉపాయం లేదు. పెసరపప్పు తొందరగా ఉడుకుతుంది కాబట్టి గ్యాస్ కూడా కలిసొస్తుంది.

ఎక్కడ కొనాలి

నెల సరుకులకి మూడు దారులున్నాయి. వన్‌టౌన్, గొల్లపూడి హోల్‌సేల్, లేదా గుంటూరు పట్నంబజారు ఒకటి. పెద్ద సూపర్ మార్కెట్ ఒకటి. వీధి చివర కిరాణా కొట్టు ఒకటి. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం హోల్‌సేల్‌లోనే చవక, అయితే రెండు ఇళ్ళ సరుకులు కలిపి తెస్తేనే ఆటో ఖర్చు గిట్టుతుంది. సబ్బులు, నూనె ప్యాకెట్లు సూపర్ మార్కెట్‌లో తక్కువ. అక్కడ ప్రమాదం వేరే. చీటీలో లేనివి బుట్టలోకి వస్తాయి. పిల్లల్ని తీసుకెళ్ళకండి అనడం సులువు, ఆదివారం సాయంత్రం ఏసీలో కాసేపు తిరిగి రావడం వాళ్ళకదే షికారు మరి. కిరాణా కొట్టు కిలోకి ఐదు రూపాయలు ఎక్కువైనా పావుకిలో ఇస్తుంది, ఖాతా రాసుకుంటుంది, పురుగుంటే వెనక్కి తీసుకుంటుంది. రోజు కూలీ మీద బతికే ఇంటికి అదే సరైన దారి. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు నెల సరుకులకి పనికిరావు. డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డర్ అని మూడు రకాల ఛార్జీలు అడుగున ఉంటాయి. కొత్తిమీర కట్టకి ముప్పై రూపాయల ఛార్జీ కట్టే ముందు బిల్లు కిందిదాకా చదవండి.

కూరగాయలకి రైతు బజారే. 1999 జనవరి 26న ఇవి మొదలైనప్పటి నుంచి పద్ధతి ఒకటే, పొద్దున్నే బోర్డు మీద ధర రాస్తారు, అంతకి మించి అడగకూడదు. విజయవాడలో పటమట, సింగ్‌నగర్, గుంటూరులో చుట్టుగుంట. పొద్దున ఏడింటికి సరుకు నాణ్యంగా ఉంటుంది. సాయంత్రం మిగిలింది తగ్గించి ఇచ్చేస్తారు, కాకపోతే ఆకుకూర వాడిపోయి ఉంటుంది. ఉల్లి, బంగాళాదుంప, దోసకాయ, చామదుంప సాయంత్రం, ఆకుకూర పొద్దున. మీ ఇంటికి మూడు నాలుగు కిలోమీటర్లు దాటి ఉంటే వారానికి ఒక్కసారే వెళ్ళండి, లేకపోతే మిగిలింది పెట్రోలుకి సరి.

మధ్యాహ్నం ఇంటికి రాలేని పని అయితే హోటల్ భోజనం పద్దు రాసి చూడండి. అన్న క్యాంటీన్‌లో పూటకి ఐదు రూపాయలు. నామోషీ అనుకునేవాళ్ళ సంగతి నాకు తెలుసు. మేస్త్రీలూ, డ్రైవర్లూ, చదువుకునే కుర్రాళ్ళూ, మెడలో ఐడీ కార్డు వేసుకున్న వాళ్ళూ అదే వరసలో ఉంటారు. ఆదివారం ఉండదు, అంతే.

మందులు

అమ్మానాన్నలకి బీపీ, షుగరు ఉన్న ఇంట్లో ఇది నెలనెలా తప్పని పద్దు. జన ఔషధి కేంద్రంలో అదే మందు కంపెనీ పేరుతో కొన్నదానికంటే సగానికి సగం, కొన్నిటికి ఇంకా తక్కువ. చీటీ మీద కంపెనీ పేరు మాత్రమే ఉంటే డాక్టర్ గారినే అసలు మందు పేరూ, మోతాదూ రాసివ్వమనండి. టెల్మిసార్టాన్ 40 అని ఉంటే 40దే కావాలి, రెండు మందులు కలిసిన బిళ్ళయితే రెండూ ఉన్నదే కావాలి. ఒకేసారి మూడు నెలలవి మార్చేయకుండా మొదట ఒక నెలకి తీసుకుని బీపీ చూపించుకోండి. ఈ ఒక్క పద్దులో డబ్బుకంటే డాక్టర్ మాట ముందు. వ్యక్తిగత ఆరోగ్య బీమాకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. అంతకుముందు ఖరీదని వదిలేసినవాళ్ళు మళ్ళీ ఒకసారి ప్రీమియం అడిగి చూడొచ్చు.

అప్పు తప్పకపోతే ఏ అప్పు

పై లెక్కలన్నీ కలిపి ఒక ఇంటికి నెలకి రెండు, మూడు వేలు మిగిలించవచ్చు. జూన్‌లో స్కూలు ఫీజుకి చేసే ఒక్క తప్పుడు అప్పు ఆ మొత్తాన్నీ ఊడ్చేస్తుంది. తల్లికి వందనం 13 వేలు ప్రైవేటు స్కూలు ఫీజులో ఒక ముక్కకి వస్తుంది, మిగతాదానికి వెతుక్కోవాలి.

20 వేలు ఏడాదికి కావాలనుకోండి. బ్యాంకులో బంగారం పెడితే వడ్డీ తొమ్మిది, పది శాతం, అంటే రెండు వేల లోపు. ప్రైవేటు తాకట్టు కొట్లో నూటికి రూపాయిన్నర, రెండు అంటే 3,600 నుంచి 4,800. తెలిసినవాళ్ళ దగ్గర నోటు రాసి మూడు రూపాయల వడ్డీకి తెస్తే 7,200. క్రెడిట్ కార్డు మీద గీకి కనీస మొత్తం కట్టుకుంటూ పోతే నెలకి మూడున్నర శాతం, ఏడాదికి 8,400, పైన జీఎస్టీ. మహిళా సంఘంలో ఉన్నవాళ్ళు వీటన్నిటికంటే ముందు సంఘం అప్పు సంగతి అడగాలి. పట్టణాల్లో మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ వాళ్ళు చూస్తారు.

డైలీ ఫైనాన్స్‌ది వేరే లోకం. పది వేలు రాసి తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి నూరు రోజుల్లో సగటున మన దగ్గర ఉన్నది నాలుగున్నర వేలే. దానికి నూరు రోజులకి వెయ్యి అంటే 22 శాతం, ఏడాదికి ఎనభై శాతం దగ్గర. తోపుడు బండి మీద పొద్దున కొని సాయంత్రానికి అమ్ముకునే వ్యాపారికి ఆ రేటు ఎలాగో గిట్టొచ్చు. నెల జీతం మీద బతికేవాడికి గిట్టదు.

చీటీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకి పొదుపు అంటే చీటీయే. రిజిస్టరయిన చీటీలో నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదని చట్టం. మొదటి నెలల్లో పాడుకుంటే అది అప్పు, ఎంత తగ్గించి పాడామో అదే వడ్డీ. చివరిదాకా ఆగితే అది పొదుపు, పోస్టాఫీసు ఆర్‌డీతో దగ్గర దగ్గరగా ఉంటుంది. ఫీజులకి జూన్‌లో డబ్బు కావాలని ముందే తెలుసు కాబట్టి, కిందటి జూన్ మొదట్లోనే మొదలుపెట్టిన పన్నెండు నెలల బ్యాంకు ఆర్‌డీకే నా ఓటు. వీధిలో అక్కలు నడిపే చీటీల్లో నమ్మకం తప్ప కాగితం ఉండదు. ఎత్తేస్తే అడగడానికి ఎవరూ ఉండరు.

బంగారం పెట్టాల్సి వచ్చినప్పుడు ఎంత ఎక్కువ ఇస్తారన్నది కాదు, వడ్డీ ఎంత, ఎప్పుడెప్పుడు కట్టాలన్నది అడగండి. రెండున్నర లక్షల లోపు అప్పుకి 2026 ఏప్రిల్ నుంచి విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధన మార్చింది. ఇస్తున్నారు కదా అని అంతా తీసుకోకుండా ఫీజుకి ఎంత కావాలో అంతే తీసుకుని, గాజులు రెండూ పెట్టాల్సిన చోట ఒక్కటే పెట్టి రండి. రసీదు మీద మొత్తం బరువు, రాళ్ళు తీసేసిన నికర బరువు విడివిడిగా రాశారో లేదో కౌంటర్ దగ్గర ఉండగానే చూసుకోండి.